హస్తవాసి: తంజావూరు, మైసూరు సీమల జెట్టులు

వైద్యుని గూర్చి తెలుగువారు చెప్పుకొను మాటలలో "హస్తవాసి" యనునది విలక్షణమైనది. ఫలానావాని మందు మంచిదనుట వేరు, వాని హస్తవాసి మంచిదనుట వేరు. మందు అంగడిలో ఎవరికైనను దొరకును. గ్రంథము చదువనేర్చినవానికెల్ల యోగములు తెలియును. హస్తవాసి మాత్రము ఆ మనిషితో వచ్చి ఆ మనిషితోనే పోవును. కాలక్రమమున ఈ మాటకు అదృష్టమను అర్థము అంటుకొన్నది. కాని నొప్పి యెచ్చటనున్నదో చేతితో వెదకి, చేతితోనే దానిని సరిచేయువారి విషయమున ఈ పదము అక్షరాల సత్యము. వారికి చేయియే నాడి, చేయియే మందు.

అట్టి చేతివైద్యులలో తెలుగుదేశపు ఎల్లలు దాటి తమిళ కన్నడ సీమలలో స్థిరపడినవారు జెట్టులు. వారిని చరిత్రకారులు మల్లులుగనే యెరుగుదురు. రాజుల కొలువులో కుస్తీలు పట్టినవారని, దసరా వేడుకలలో రక్తము చిందించినవారని వ్రాసి విడిచిపెట్టిరి. వారి చేతులకు గల రెండవ వృత్తి అంతగా చర్చకు వచ్చియుండలేదు.

ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణ హిందూదేశ కులముల సంపుటములలో జెట్టులను గూర్చి యొక ప్రకరణమున్నది. అందలి సమాచారము ప్రకారము జెట్టులు తెలుగు కులమువారు. వృత్తిచే మల్లులు, సాముగరిడీలు చేయువారు. తెలుగు జిల్లాలలో వీరు ఒళ్ళు పట్టుదురు. నరముల నొప్పులకు, తదితర బాధలకు లేపనములు రుద్ది మర్దనము చేయుదురు. తంజావూరిలో నున్నవారు చుట్టును తమిళమే యున్నను ఇండ్లలో తెలుగే మాటలాడుచుండిరి. యజ్ఞోపవీతము ధరించి, తాము ఉత్తమకులజులమని చెప్పుకొనుచు, నీచమని లోకము తలచు పనులకు దిగకుండిరి. తంజావూరు రాజుల ధనాగారమునకును, నగల గదులకును వీరే కావలివారు. చివరి రాజు గతించిన పిమ్మట పెక్కుమంది మైసూరునకును ఇతర సంస్థానములకును తరలిపోగా, కొలదిమంది మాత్రమే తంజావూరి కోటలో మిగిలిరి.

ఈ కొద్దిపాటి సమాచారమున రెండు విశేషములున్నవి. మొదటిది, మల్లవిద్యయు మర్దనమును ఒకే కులమువారి చేతిలో నుండుట. రెండవది, ఒళ్ళు పట్టువారు జందెము వేసికొని కోశాగారమునకు కాపలా కాయుట. ఈ రెండవదానిలోని విడ్డూరము కొంత వివరింపవలసియున్నది గాని, ముందు మొదటిదానిని చూడవలెను.

జెట్టి యను పేరు "జ్యేష్ఠి" శబ్దభవము. కల్యాణ చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున రచించిన మానసోల్లాసమునందు మల్లవినోదమను ప్రకరణము కలదు. అందు మల్లులను జ్యేష్ఠికులని, అంతరజ్యేష్ఠికులని, గోవలులని తరగతులుగా విభజించి, వారి ఆహారమును, వ్యాయామమును, పట్లను విపులముగా చెప్పెను. గుజరాతులోని మోఢేరమునకు చెందిన జ్యేష్ఠిమల్లులకు మల్లపురాణమను గ్రంథము కలదు. అది 1964లో బరోడా నుండి అచ్చయినది. వారి కులదేవత లింబజ. మైసూరు జెట్టులు కొలుచు నింబుజాదేవి పేరు దానికి మిక్కిలి దగ్గరగా నున్నది. కావున ఈ వృత్తికుటుంబములు పడమటి సీమ నుండి దక్కనునకు, దక్కనునుండి తెలుగునాటికిని, అచ్చటినుండి మరల దక్షిణమునకును పాకినవనుట అసంగతము కాదు. తెలుగున జెట్టి యనిన మల్లుడనియే అర్థము. జగజెట్టి యనిన మాటను పసిపిల్లలు సైతమెరుగుదురు. కులనామము సామాన్యనామముగా మారునంతటి పరిచయము ఒకటి రెండు తరములలో కలుగునది కాదు.

విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసువారిద్దరు ఈ మల్లులను కన్నులార చూచిరి. సుమారు 1520లో వచ్చిన డొమింగో పాయస్ మహర్నవమి వేడుకలను వర్ణించుచు, మల్లుల దెబ్బలకు పండ్లు రాలుట, కన్నులు పోవుట, ముఖములు వికృతమగుట, మాట పడిపోయినవారిని మిత్రులు మోసికొనిపోవుట పేర్కొనెను. తరువాత వచ్చిన నూనిజ్ రాజునొద్ద వేయిమంది మల్లులు కలరనియు, చేతులలో మొనలుగల కడియములవంటివి ధరించి కొట్టుకొందురనియు వ్రాసెను. ఇవియే తరువాతికాలమున మైసూరులో వజ్రముష్టి యను పేర ప్రసిద్ధములైనవని తోచుచున్నది.

పాయస్ వ్రాసిన మరియొక వృత్తాంతము ఈ ప్రసంగమునకు మరింత ముఖ్యము. కృష్ణదేవరాయలు ప్రతిదినము తెల్లవారకమునుపే లేచి, ముప్పాతిక పైంటు ప్రమాణముగల నువ్వులనూనె త్రాగి, అదే నూనె ఒడలెల్ల పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులెత్తి, నూనెయంతయు చెమటగా పోవువరకు కత్తిసాము చేసి, పిమ్మట తన మల్లులలో నొకనితో కుస్తీ పట్టెడివాడట. అటుతరువాత గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు దౌడు తీయించి, స్నానమునకు పోయెడివాడు. రాయల వీరమును చెప్పుటకు ఈ వృత్తాంతమును చరిత్రకారులు తరచు ఉదాహరింతురు. దీనిని వైద్యదృష్టితో చూచిన వారరుదు. నూనె, చెమట, కుస్తీ, గుఱ్ఱము, స్నానము అను ఈ వరుస ఆయుర్వేదమున చెప్పిన దినచర్యకు చాల దగ్గర. అభ్యంగనము, వ్యాయామము, స్నానము అను మూడింటిని వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యాధ్యాయముననే చెప్పెను. తలకు, చెవులకు, పాదములకు విశేషముగా నూనె పట్టింపవలెననియు, కఫము పెరిగినవారికి, అజీర్తి గలవారికి పనికిరాదనియు అందు కలదు. దీనికి కారణమును చరకుడు సూత్రస్థానమున చూపెను. స్పర్శేంద్రియమున వాయువు ప్రధానము, ఆ స్పర్శకు ఆశ్రయము చర్మము. కనుక వాతమును శమింపజేయవలెనన్న చర్మమును ఆశ్రయింపవలెను. కుండ, తోలు, బండి యిరుసు నూనె పట్టించినచో ఎట్లు గట్టిపడునో దేహమును అట్లేనని చరకుని పోలిక.

మల్లునికి ఈ సిద్ధాంతము గ్రంథమునుండి రావలసిన పని లేదు. గోదాలో ప్రతిదినము ఒకరి ఒడలిని మరియొకరు పట్టుదురు. భుజము ఎంతవరకు తిరుగునో, ఎచ్చట ఆగునో, ఆగినచోట బలము పెట్టిన ఏమగునో వారి వ్రేళ్ళకు తెలియును. కీలు తప్పించుట యెరిగినవాడు కీలు ఎక్కించుటయు ఎరుగును. పడినవాడు తోటివాడే గనుక, వానిని మరునాటికి నిలువబెట్టవలసిన బాధ్యతయు వారిదే. ఈ విధముగా గోదాయే వారికి పాఠశాల, గోదాయే ఆసుపత్రి. మరాఠీలో ఎముకలు కట్టువానిని హాడవైద్యుడందురు. ఉత్తరాదిని ఆ పని పెక్కుచోట్ల పహిల్వానులదే. తెలుగునాట జెట్టులయందు కనిపించు ఈ కలయిక ఒక్కచోట పుట్టిన వింత కాదన్నమాట.

సుశ్రుతుడు నిదానస్థానమున భగ్నములను రెండు విధములుగా విభజించెను. కీలు తప్పుట ఆరు రకములు, ఎముక విరుగుట పండ్రెండు రకములు. లక్షణములలో స్పర్శను ఓర్వలేకుండుట, నొక్కినప్పుడు శబ్దమగుట అను రెండును చేతికి తెలియునవే. చికిత్సాస్థానమున మూడవ అధ్యాయము ఎముకల కట్టునకు సంబంధించినది. పైకి లేచినదానిని అణచుట, క్రుంగినదానిని ఎత్తుట, తొలగినదానిని లాగుట, తరువాత కట్టుట. బాహుసంధి తప్పినచో చంకక్రింద రోకలి పెట్టి ఎత్తవలెనట. మఱ్ఱి, రావి, మేడి, మోదుగు మొదలగు చెట్ల బెరళ్ళను, వెదురును కట్టునకు దబ్బలుగా వాడవలెను. కట్టు వదులైన సంధి నిలువదు. బిగువైన వాపు, నొప్పి, చర్మము పక్వమగుట సంభవించును. చలికాలమున ఏడు దినములకు, సాధారణ కాలమున ఐదు దినములకు, వేసవిలో మూడు దినములకు కట్టు విప్పి మార్చవలెను. పిన్నవయసువానికి నెల, నడివయసువానికి రెండు నెలలు, వృద్ధునకు మూడు నెలలు పట్టును. అరచేయి విరిగి కుదిరినవానిచేత మొదట మట్టిముద్దను, పిదప ఉప్పుగడ్డను, ఆపైని రాతిని పట్టించి బలము తెప్పింపవలెనను విధి వీటన్నిటిలో ముచ్చట గొలుపునది. రోగిని తొందరపెట్టని వైద్యము ఇందు కనిపించును.

ఇక ఆ విడ్డూరము. శాస్త్రము చేతిపనికి ఇంత గౌరవమిచ్చినను, చేతిపని చేయువానికి ఇవ్వలేదు. చరకుడు వైద్యము నిర్వహించుటకు కావలసిన పరిచారకులను చెప్పుచు, స్నానము చేయించువాడు, సంవాహకుడు, లేపి కూర్చుండబెట్టువాడు, పరుండబెట్టువాడు, మందు నూరువాడు అని లెక్కించెను. సంవాహకుడనగా ఒళ్ళు పట్టువాడు. వాడు పరిచారకుడు, వైద్యుడు కాడు. పరిచారకునకు ఉండవలసిన గుణములు నాలుగు: ఉపచారమెరుగుట, నేర్పు, అనురాగము, శుచి. వైద్యుని గుణములలో లేని "అనురాగము" ఇచ్చట నుండుట గమనింపదగినది. శూద్రకుని మృచ్ఛకటికమునందు ఒక సంవాహకుడు కలడు. ఒకప్పుడు చారుదత్తుని సేవించి, జూదమున చెడి, తుదకు బౌద్ధభిక్షువైనవాడు. ఆ వృత్తికి లోకమున గల స్థానము ఆ పాత్రవలన చక్కగా తెలియును.

తెలుగు పల్లెలలోను ఇట్లే జరిగినది. తలంటుట, నలుగు పెట్టుట, ఒళ్ళు పట్టుట, పుండు కోసి కట్టుట మంగలవారి పని. వారి స్త్రీలే మంత్రసానులు. ప్రసవము నుండి బాలింత స్నానము వరకు, కాళ్ళు చాచి బిడ్డను వానిపై పరుండబెట్టి ఆముదము రాచి, చేతులు కాళ్ళు మడిచి సాచి, వేడినీళ్ళు పోసి సాంబ్రాణి పొగ పట్టువరకు ఎన్నియో తరముల పసిబిడ్డలు ఆ చేతులలోనుండి నడచి వచ్చినవారే. అయినను పంచాంగము చెప్పునట్టి, నాడి చూచునట్టి వైద్యునికి పెద్దపీట, మంత్రసానికి వాకిటి అరుగు. దేహమును తాకుట ఎంత అవసరమో, తాకువానిని అంత దూరముంచుట మన సంఘపు రీతి. తమిళనాట క్షురకవృత్తివారికి మరుత్తువర్ అను పేరు కలదు. మరుత్తువమనగా వైద్యము. పేరులో వైద్యమును మిగిల్చి గౌరవమును తీసివేసిరి.

జెట్టుల విషయమున ఇందుకు భిన్నముగా జరిగినది. వారును తాకువారే. వారును నూనె రాచి నరములు సవరించువారే. అయినను రాజుగారి నగల గది తాళముల చెంత నిలిచిరి. కారణము స్పష్టమే. వారి చేతిలో మర్దనముతోపాటు బలము కూడ నుండెను, ఆ బలము రాజునకు కావలసియుండెను. ఒకే పని ఎవరు చేసిరనుదానినిబట్టి గౌరవమో అగౌరవమో కలుగుచుండెననుటకు ఇంతకన్న నిదర్శనమక్కరలేదు.

తంజావూరులో నాయకరాజుల ఆస్థానము తెలుగు ఆస్థానము. తరువాత వచ్చిన మరాఠా రాజులును తెలుగును ఆదరించిరి. 1855లో శివాజీరాజు మగసంతతి లేక మరణింపగా, ఈస్టిండియా కంపెనీవారు ఆ రాజ్యమును అంతమొందించిరి. రాజు లేని కోటలో మల్లులకు పనియేమి? మైసూరు ప్రయాణమునకు హేతువిదియే. మైసూరున అప్పటికే జెట్టులుండిరి. మార్క్ విల్క్స్ 1810లో అచ్చువేయించిన మైసూరు చరిత్రలో వారి పోరాటమును వర్ణించెను. ఎనుబోతు కొమ్ముతో చేసిన మొనలుగల ఆయుధమును పిడికిట ధరించి, తలలు గొరిగించుకొని పోరాడెడివారు.

వారి చేతులకు మరియొక చరిత్రయు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. టిప్పుసుల్తాను చెరలో నుండిన ఆంగ్లేయుల వ్రాతలలో, మరణశిక్ష పడినవారి మెడలను జెట్టులు విరిచెడివారని కలదు. మెడ ఎచ్చట ఎట్లు తిరుగునో తెలిసినవాడు ఆ తెలివిని రెండు విధములుగను వాడగలడు. మైసూరు సీమలో తప్పిన కీళ్ళు సరిచేయుటలో పేరుపొందినదియు ఈ జెట్టులే. మెడ విరుపు రాజాజ్ఞ. కీలు ఎక్కించుట ఇరుగుపొరుగువారి అవసరము. రాజుతోపాటు మొదటిది పోయినది, రెండవది పేదవాని యింట మిగిలినది.

తమిళ సరిహద్దున మరియొక తెలుగు చేయి ప్రసిద్ధికెక్కినది. చెన్నపట్టణము నుండి బొంబాయి పోవు రైలుమార్గమున అరక్కోణము, తిరుత్తణి దాటిన పిమ్మట పుత్తూరు వచ్చును. దాని సమీపమున రాచపాళెములోని రాజుల కుటుంబములు ఎముకలు కట్టుటయందు పేరుగాంచినవి. వేటలో దొరికిన కుందేలు విరిగిన కాలునకు ఆకులు చుట్టగా ఆ ఎముక కలిసినదని, అదియే ఈ వైద్యమునకు మూలమని అచ్చట చెప్పుకొందురు. ఇట్టి కథలు పెక్కు వైద్యములకు కలవు. కుందేలు నిజమైనను కాకపోయినను, ఆ కుటుంబములవారి వ్రేళ్ళ నేర్పు నిజము. విరిగినచోటును తడిమి చూచి, లాగి సవరించి, ఆకుపసరును కోడిగ్రుడ్డు తెల్లసొనతో కలిపి పట్టించి, వెదురు దబ్బలు పెట్టి గుడ్డతో కట్టుదురు. పుత్తూరు మొదట ఉత్తర ఆర్కాటులో నుండి, 1911లో చిత్తూరు జిల్లాలో చేరి, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు వచ్చినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమునకు పోయినది. ఎల్లలు ఇన్నిమార్లు మారినను, కాలు విరిగినవాడు పుత్తూరు పోవుట మానలేదు.

వైద్యశాస్త్రజ్ఞులు వీరిని చిన్నచూపు చూచుట క్రొత్త కాదు. ఇంగ్లండులోను అట్లే జరిగినది. 1867లో సర్ జేమ్స్ పాజెట్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఎముకలు కట్టువారు నయము చేయు రోగులను గూర్చి ఉపన్యసించి, వారి పనిలో మంచిని గ్రహించి చెడును విడువుడని వైద్యులను హెచ్చరించెను. లివర్‌పూలునందలి హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) తరతరములుగా ఎముకలు కట్టు వేల్సు కుటుంబమున పుట్టి, వైద్యపట్టము పొంది, తన పేరిట నేటికిని వాడబడుచున్న తొడయెముక కట్టును కల్పించెను. వంశవిద్య పాఠశాల గడప దాటినచో ఎట్టి ఫలమిచ్చునో ఇందువలన తెలియును.

మన దేశమున ఆ గడప తెరచుటకు ప్రయత్నము జరిగినది. 1921లో మదరాసు ప్రభుత్వము నియమించిన ఉస్మాను సంఘము దేశీయ వైద్యులనుండి సాక్ష్యములు సేకరించి 1923లో నివేదిక సమర్పించెను. 1925లో చెన్నపురిలో దేశీయ వైద్య పాఠశాల వెలసినది. చెన్నపురి తెలుగువారిలో పండిత దీవి గోపాలాచార్యులు, డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఈ ఉద్యమమునకు ప్రాణము పోసినవారు. లక్ష్మీపతిగారు పాశ్చాత్య వైద్యమున పట్టము పొందియు ఆయుర్వేదమును స్వీకరించి, తైలాభ్యంగనమును, సూర్యస్నానమును, వ్యాయామమును ప్రచారము చేసిరి. ఇంత జరిగినను పాఠశాలలోనికి ప్రవేశించినది గ్రంథవైద్యము. సంస్కృతము, తమిళము, ఉర్దూ చదివినవాడు లోనికి వచ్చెను. వ్రేళ్ళతో చదివినవాడు వెలుపలనే నిలిచెను. 1926 నాటి మదరాసు నర్సుల, మంత్రసానుల చట్టము పట్టికలో పేరున్నవారికి రక్షణ కల్పించినది. ఊరి మంత్రసాని పేరు ఆ పట్టికలో ఎక్కలేదు. ప్రసవములలో తల్లులు, బిడ్డలు అపారముగా చనిపోవుచుండిన కాలమది. కనుక ఆ చట్టమును తప్పుపట్టుటకు వీలులేదు. అయినను ఆమెకు శుచిని నేర్పి లోనికి తెచ్చుకొనుటకు జరిగిన కృషి, ఆమెను తొలగించుటకు జరిగిన కృషితో పోల్చిన స్వల్పము.

1970 నాటి కేంద్ర చట్టమును, దాని స్థానమున 2020లో వచ్చిన చట్టమును పట్టమును, నమోదును ప్రమాణముగ గైకొన్నవి. 2018 ఏప్రిల్‌లో సుప్రీముకోర్టు, తగిన విద్యార్హత లేని పారంపరిక వైద్యులు వైద్యవృత్తి చేయరాదని తీర్పిచ్చెను. ఆ తీర్పునకు ఆధారము లేకపోలేదు. బిగించి కట్టిన కట్టుక్రింద రక్తప్రసారము ఆగి, పసివాని చేయి శాశ్వతముగా ముడుచుకొనిపోయిన సందర్భములను ఎముకల వైద్యులు ఎరుగుదురు. సుశ్రుతుడు హెచ్చరించిన దోషమే ఇది. ఎముక చర్మము చీల్చుకొని వెలికివచ్చినపుడు ఆకుపసరు పనిచేయదు. పూర్వపు నేర్పరి ఇట్టి రోగిని చేరదీయక ఆసుపత్రికి పంపుటయు తన విద్యలో భాగముగ నెంచెడివాడు. పేరు మాత్రము అరువు తెచ్చుకొని ఊరూర బోర్డు కట్టినవానికి ఆ నిగ్రహము ఎచ్చటిది? వంశవిద్యకు ప్రధానశత్రువు ఆసుపత్రి కాదు, ఈ అనుకరణమే.

భాషలోను ఈ చరిత్ర గురుతులు మిగిలియున్నవి. తెలుగున బెణుకు అనినదానిని కన్నడమున ఉళుకు అందురు, తమిళమున సుళుక్కు అందురు. తెలుగువాడు ఉలుకు అనిన భయమున అదిరిపడుట యనుకొనును. మైసూరు సీమకు క్రొత్తగా చేరిన తెలుగు కుటుంబము కాలు ఉళుకినదన్న పొరుగువానికి దిష్టి తీయింపబోయినదని పరిహాసముగ చెప్పుకొనవచ్చును. "కట్టు" మాత్రము మూడు భాషలలోను ఒక్కటే.

మైసూరులో ఇప్పటికిని విజయదశమినాడు అంబావిలాస ప్రాసాదపు ముంగిట జెట్టులు వజ్రముష్టి పట్టుదురు. మైసూరు, బెంగుళూరు, చన్నపట్టణము, చామరాజనగరము నుండి వచ్చిన యువకులు తలలు గొరిగించుకొని, ఎఱ్ఱమట్టిలో దిగుదురు. మొదటి నెత్తుటిబొట్టు కనబడగనే పెద్దలు ఆపివేయుదురు. కొన్ని క్షణములలో ముగియు ఆ పోరును చూచుటకు జనము క్రిక్కిరిసి నిలుచుందురు. ఛాయాచిత్రములు పత్రికల కెక్కును. పోరు ముగిసిన పిమ్మట గాయము తుడిచి, భుజము సవరించి, ఆ యువకుని ఇంటికి నడిపించుకొనిపోవు చేతుల ఛాయాచిత్రము ఎవరును తీయరు.